విడిచి తిరిగే పందులను దొడ్డిలో పెట్టాలంటే: విశాఖలో కాగితాలు, కొలతలు

పందిని పట్టి దొడ్డిలో పెట్టాలనుకున్నప్పుడు ముందు తేల్చుకోవాల్సింది దొడ్డి కొలతలు కాదు, అది ఏ పంది అన్నది. కంబాలకొండ అంచుల్లో, సింహాచలం కొండల కింద చీకటి పడ్డాక తోటల్లోకి దిగేది అడవి పంది. గెడ్డల వెంబడి, చెత్తకుప్పల చుట్టూ పగలే మందగా తిరిగేది ఊరపంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు పెంపకం నుంచి తప్పించుకుని అడవిపాలైన పందులను వేరే వర్గంగా చూస్తాయి, వాటిని బంధించి ఉంచడానికి విడిగా అనుమతులిస్తాయి. మన చట్టాల్లో ఆ మధ్య గడి లేదు. ఇక్కడ పంది వన్యప్రాణి అయినా కావాలి, ఎవరో ఒకరి సొంతమైనా కావాలి.

అడవి పంది సంగతి చిన్నదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదట మూడో షెడ్యూల్లో ఉండేది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక రెండో షెడ్యూల్లో ఉంది. ఆ చట్టం ప్రకారం చంపడమే కాదు, ఉచ్చు పెట్టడం, బోనులో పట్టడం కూడా వేటే. నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. పంటల మీద పడుతున్న పందుల విషయంలో 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి వేటకు అనుమతి ఇవ్వగలరు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ అనుమతి పంట కాపాడుకోవడానికి, పట్టి పెంచుకోవడానికి కాదు. చచ్చిన పంది కూడా ప్రభుత్వ ఆస్తే. దారి తప్పిన పిల్ల మీ చేతికొచ్చినా 39వ సెక్షన్ ప్రకారం 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో అధీకృత అటవీ అధికారికో తెలియజేయాలి. అడవి పందిని చూపరుల కోసం ఉంచాలంటే కేంద్ర జూ ప్రాధికార సంస్థ గుర్తింపు కావాలి. ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల లాంటి చోట్లకే అది సాధ్యం, మీ పెరటికి కాదు.

ఊరపందికి యజమాని ఉండడనుకోవడం రెండో పొరపాటు. ఎరుకల కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా పందులు పెంచుతున్నాయి. పగలంతా విడిచిపెట్టి సాయంత్రం మళ్లేసుకోవడం పాత అలవాటు. చెవిలో గాటు ఉందేమో చూడండి, చుట్టుపక్కల వీధుల్లో అడగండి. అడగకుండా పట్టి మీ దొడ్డిలో పెట్టుకుంటే అది దొంగతనం కేసవుతుంది. పంట మీద పడిన పందిని ఆపడానికి వేరే దారి ఉంది. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం పందులను కూడా పశువుల జాబితాలో చేర్చింది. చేలో పడిన పందిని రైతు పట్టుకోవచ్చు గానీ 24 గంటల్లోగా బందెలదొడ్డికి పంపాలి. అదే చట్టంలో పందుల యజమానికి విడిగా ఒక జరిమానా కూడా రాశారు: 10 రూపాయలకు మించకుండా. అప్పట్లో అది గట్టి దెబ్బే.

అంటే చట్టబద్ధంగా దొడ్డిలో పెట్టదగినవి మీ సొంత పందులు, లేదా యజమాని దగ్గర రాతపూర్వకంగా కొన్నవి. కొన్నప్పుడు రసీదు మీద పందుల సంఖ్య, రంగు, మగా ఆడా, అమ్మినవారి సంతకం ఉండాలి. ప్రతి పందినీ రెండు వైపుల నుంచీ ఫోటో తీసి పెట్టుకోండి. ఇది చాదస్తం కాదు. మన నాటు పంది నల్లగా, వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటుంది. అడవి పంది, ఇంటి పంది ఒకే జాతి కాబట్టి కొండ అంచుల్లో రెండూ కలిసి పిల్లలు పుట్టడమూ ఉంది. పిల్లల ఒంటి మీద లేత చారలు, వీపు మీద జూలులా లేచిన వెంట్రుకలు, పొడవాటి నేరు మూతి, మెలి తిరగని తోక కనిపిస్తే అటవీ సిబ్బంది తప్పక ప్రశ్నిస్తారు. అలాంటి లక్షణాలున్న పందిని కొనకపోవడమే మేలు. నాటు పందేనని పశువైద్యుడి ధ్రువపత్రం ఉంటే మీ వాదనకు బలం ఉంటుంది.

ఇక స్థలం. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పరిధిలో పందులు పెంచాలంటే కార్పొరేషన్ అనుమతి తప్పనిసరి. ఇళ్ల మధ్య అది వస్తుందని ఆశపెట్టుకోవద్దు. ఆనందపురం, పద్మనాభం వైపు గ్రామాల్లోనైతే పంచాయతీని అడగాలి. స్థలం పత్రం, దొడ్డి నక్షా, మురుగు ఎటు పోతుందో చూపే గీత, నీటి వనరు వివరం జతచేసి దరఖాస్తు పెట్టండి. పనిలో పనిగా మండల పశువైద్యాధికారి దగ్గర పందులకు 12 అంకెల చెవి ట్యాగులు వేయించండి. మాంసం కోసి అమ్మే ఉద్దేశముంటే ఆహార భద్రత చట్టం కింద విడిగా నమోదు చేయించుకోవాలి. రోజుకు 10 చిన్న జంతువుల లోపైతే రిజిస్ట్రేషన్ సరిపోతుంది, దాటితే లైసెన్స్.

చెరువు గట్టూ వరిమడీ పక్కన దొడ్డి వద్దు. వరిమడి నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమలు కొంగల నుంచి మెదడువాపు వైరస్‌ను పందికి తెస్తాయి. పంది ఒంట్లో అది విపరీతంగా పెరిగి అవే దోమల ద్వారా మన ఇళ్లలోని పిల్లలకు సోకుతుంది. పంది పైకి బాగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మురుగు నిలవకుండా చూడటం, పందుల గదికి దోమతెర కట్టడం ఇందుకే.

గది కొలతల్లో ఎక్కడా కక్కుర్తి పడకండి. పైకప్పు కింద పోతు పందికి 6 నుంచి 7 చదరపు మీటర్లు, ఈనే పందికి పిల్లలతో కలిపి 7 నుంచి 9, వట్టి ఆడపందికి 1.8 నుంచి 2.7, అయిదు నుంచి ఎనిమిది నెలల పెరిగే పందికి 1.3 నుంచి 1.8 ఉండాలి. పోతుకూ ఈనే పందికీ బయట ఆరుబయలు జాగా మరో 8.8 నుంచి 12 చదరపు మీటర్లు కావాలి. అంటే పది పెరిగే పందుల గది లోపల సుమారు 18 చదరపు మీటర్లు, మన లెక్కలో 190 చదరపు అడుగుల పైమాటే. మేత తొట్టి దగ్గర పెద్ద పందికి రెండడుగుల జాగా లేకపోతే బలహీనమైనది ఎప్పుడూ పస్తే.

ఫారంలో పుట్టిన పందికి నాలుగడుగుల గోడ చాలు. వీధిలో పెరిగినది గోడకు ముందుకాళ్లు ఆనించి ఎగబాకుతుంది, అడుగున మూతితో తవ్వుతుంది. కాబట్టి గోడ తొమ్మిది అంగుళాల మందంతో నాలుగడుగులు కట్టి, దాని పైన రెండడుగుల ఇనుప పైపులు వేయండి. ఆరుబయలు కంచె అడుగున కాంక్రీటు దిమ్మె భూమిలోకి అడుగున్నర దిగాలి. తలుపు దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. పంది తలుపును నెట్టదు, మూతి కింద పెట్టి పైకి ఎత్తుతుంది. ఒక్క పై గొళ్లెం ఉంటే తలుపు మడతబందుల నుంచి ఊడి వచ్చేస్తుంది. కింద కూడా గొళ్లెం పెట్టండి, పై మడతబందును తిరగేసి బిగించండి. పిల్లలున్న గదిలో కింది పైపుల మధ్య ఎడం పందిపిల్ల దూరలేనంత సన్నగా ఉండాలి.

నేల గరుకు కాంక్రీటు, మురుగు కాలువ వైపు మీటరుకు రెండు మూడు సెంటీమీటర్ల వాలు. నునుపు చేస్తే కాళ్లు జారి కుంటుతాయి. పొడవు గోడలు తూర్పు పడమరలుగా ఉంటే మధ్యాహ్నపు ఎండ లోపలికి కొట్టదు. పందికి చెమట పట్టదు. ఏప్రిల్, మేలలో మన సముద్రపు ఉక్కకు రేకుల కింద దానికి ఊపిరాడదు. రేకు మీద తాటాకు పరచండి, మధ్యాహ్నం నీళ్లు చల్లండి. రేకులను కొక్కీ బోల్టులతో బిగించి, స్తంభాలను పునాదిలో కలపండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఈనే గదిలో గోడ చుట్టూ నేలకు 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తున, గోడకు అంతే దూరంగా ఒక పైపు వేయాలి. తల్లి గోడవారగా పడుకునేటప్పుడు పిల్లలు నలిగిపోకుండా తప్పుకునే సందు అదే. చూడి కాలం 114 రోజులు. ఈతకు వారం ముందు తల్లిని ఆ గదిలోకి మార్చండి.

పట్టడం విషయానికొస్తే, తరిమి పట్టకండి. ఎండలో తరిమిన పంది పట్టుకున్న గంటలోనే వడదెబ్బతో చచ్చిపోవడం మామూలు. తలుపు తెరిచి ఉంచిన గుండ్రటి కంచెలో అయిదారు రోజులు ఒకే వేళకు మేత పెట్టండి. మంద మొత్తం లోపలికొచ్చిన రోజు తెల్లవారుజామున తలుపు వేయండి. కాళ్లు కట్టి బైక్ మీద తలకిందులుగా వేలాడదీసి తేవడం జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. లారీలో తేవాలంటే పశువైద్యుడి ఆరోగ్య పత్రం వెంట ఉండాలి.

తెచ్చినవాటిని పాతవాటితో కలపకుండా 30 రోజులు విడి గదిలో ఉంచాలి. పందుల ప్రాణం తీసే వైరస్ జ్వరం ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడటానికి 19 రోజుల వరకు పడుతుంది. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదలైన ఆ జబ్బుకు మందు లేదు. ఆ గదికి విడి చెప్పులు, విడి బకెట్, విడి చీపురు. మనిషి ఒక్కడే అయితే ఆ గది పని ఆఖర్న చేయాలి. ఈ 30 రోజుల్లోనే నట్టల మందు వేయించండి. గజ్జి ఉంటే ఐవర్‌మెక్టిన్ ఒక శాతం ఇంజెక్షన్ 33 కిలోలకు 1 మి.లీ. చొప్పున చర్మం కిందకి, రెండు వారాలకు మళ్లీ, పశువైద్యుడి చేతి మీదుగా. ఆ తర్వాత ఆయన చెప్పిన గడువు దాటేవరకు కోతకు పంపకూడదు. క్లాసికల్ స్వైన్ ఫీవర్ టీకా రెండు నెలల వయసు నుంచి వేయించవచ్చు. దీన్ని ఆఫ్రికన్ జ్వరం టీకా అనుకుని ధీమాగా ఉండేవాళ్లున్నారు. రెండూ వేరు.

కాంక్రీటు మీదికి వచ్చాక ఒక కొత్త సమస్య మొదలవుతుంది. వీధిలో పందిపిల్లలు మట్టి నాకి ఇనుము సంపాదించుకునేవి. గదిలో ఆ మట్టి లేదు, తల్లి పాలలో ఇనుము చాలదు. మూడో రోజు ఐరన్ డెక్స్‌ట్రాన్ ఇంజెక్షన్ వేయించకపోతే రెండు మూడు వారాల్లో పాలిపోయి, ఎగశ్వాసతో చచ్చిపోతాయి.

మేత చాలా దొడ్లలో హోటళ్ల కుడితే. పచ్చిగా పోస్తే ఆఫ్రికన్ జ్వరాన్ని చేజేతులా తెచ్చుకున్నట్టే. 90 డిగ్రీల వేడిలో, కలియబెడుతూ, కనీసం గంటసేపు ఉడకాలి. పచ్చళ్లూ ఉప్పుచేపల మిగులూ ముందే ఏరేయండి. ఉప్పు ఎక్కువై నీళ్లు తక్కువైతే పంది తల గోడకేసి నొక్కుతూ, గుండ్రంగా తిరుగుతూ మూర్ఛపోతుంది. అప్పుడు ఒక్కసారిగా తొట్టి నిండా నీళ్లు పెట్టకూడదు, మెదడు ఇంకా వాస్తుంది. కొద్దికొద్దిగా ఇస్తూ డాక్టరును పిలవాలి. పాలిచ్చే పంది రోజుకు 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది. మూతితో నొక్కితే నీళ్లొచ్చే నిప్పిల్ కుళాయి వీధి పందికి కొత్త. మొదటి మూడు రోజులు దాన్ని చుక్కలు కారేలా వదిలేసి, పక్కన తొట్టి కూడా ఉంచండి.

ఒకేసారి రెండు మూడు పందులు జ్వరంతో మేత మానేసి, చెవులూ పొట్టా ఎర్రగా నీలంగా మారితే అమ్మేసి చేతులు దులుపుకోకండి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం తెలియజేయాల్సిన బాధ్యత యజమానిది. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. చచ్చినదాన్ని గెడ్డలో పడేస్తే కింద ఊళ్ల పందులన్నిటికీ అంటుతుంది. ఆరడుగుల గొయ్యిలో సున్నం పోసి పూడ్చాలి. ఆ గొయ్యికి జాగా బావికి దూరంగా, వాన నీరు నిలవని చోట దొడ్డి కట్టేటప్పుడే ఎంచుకోండి. శ్రావణంలో జోరు వానలో వెతకలేరు.