వైజాగ్ ఉప్పుగాలిలో లాప్‌టాప్ హార్డ్ డిస్క్‌ని కాపాడుకోవడం ఎలా

ముందు మీ లాప్‌టాప్‌లో ఏ డిస్క్ ఉందో చూసుకోండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ మీద నొక్కితే హెచ్‌డీడీయో (లోపల పళ్లేలు తిరిగే హార్డ్ డిస్క్) ఎస్ఎస్‌డీయో (తిరిగే భాగాలు లేని, చిప్‌లతో చేసిన డిస్క్) అక్కడే కనిపిస్తుంది. రెండింటికీ జాగ్రత్తలు వేరు.

హెచ్‌డీడీ అయితే లోపల పళ్లేలు నిమిషానికి 5400 సార్లు, కొన్నిట్లో 7200 సార్లు తిరుగుతుంటాయి. వాటిని చదివే హెడ్ పళ్లేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతూ ఉంటుంది. అందుకే ఆన్‌లో ఉన్న లాప్‌టాప్‌ని టేబుల్ మీద దబ్బున పెట్టకూడదు, మూత వేసేసి బ్యాగులో పెట్టుకుని గాజువాక నుంచి మధురవాడ దాకా బండి మీద గతుకుల్లో పోకూడదు. మూత వేస్తే నిద్రపోయిందనే అనుకుంటాం గానీ కొన్ని లాప్‌టాప్‌లు బ్యాగులోనే మళ్లీ లేచి వేడెక్కుతుంటాయి. కాబట్టి షట్‌డౌన్ చేసి, లైట్లన్నీ ఆరాకే బ్యాగులో పెట్టండి.

ఇక మన ఊరి గాలి. బీచ్ రోడ్ వైపు ఇళ్లలో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో అందరం చూస్తూనే ఉన్నాం, లాప్‌టాప్ ఫ్యాన్ లాగేదీ ఆ గాలినే. చెమ్మకి దుమ్ము అంటుకుపోయి గాలి దారులు మూసుకుంటే డిస్క్ కూడా వేడెక్కుతుంది. చాలా లాప్‌టాప్ హార్డ్ డిస్కులకి కంపెనీలు ఇచ్చే పరిమితి 60 డిగ్రీలు, కానీ మామూలు పనికే 50 దాటుతుంటే నేనైతే ఫ్యాన్ శుభ్రం చేయించేస్తాను. పరుపు మీద పెట్టి వాడొద్దు. ఏసీలో చల్లబడ్డ లాప్‌టాప్‌ని ఉక్కపోతలోకి తెచ్చిన వెంటనే ఆన్ చేయకుండా కాసేపు వదిలేయండి, లోపల తేమ పట్టి ఉంటే ఆరుతుంది.

బ్యాటరీ చచ్చిపోయిన లాప్‌టాప్‌ని ప్లగ్గు మీదే నెట్టుకొస్తుంటారు చాలామంది. ఫైల్ సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఆ ఫైలే కాదు, ఒక్కోసారి విండోస్ కూడా లేవదు. బ్యాటరీ మార్పించండి, డబ్బు దండగ అనుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, డిస్క్ ముందుగా చెప్పే మాట వినడం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని నెలకోసారి చూడండి. హెచ్‌డీడీలో రీఎలొకేటెడ్ సెక్టార్స్ (పాడైతే వేరే చోటికి మార్చిన భాగాలు), కరెంట్ పెండింగ్ సెక్టార్స్ (సరిగా చదవలేక అనుమానంలో ఉన్న భాగాలు) అనే రెండు వరుసల్లో చివరి గడిలోని విలువ సున్నా ఉండాలి. సున్నా కాకుండా పెరుగుతూ పోతుంటే, లేదా పైన పసుపు రంగులో కాషన్ అని కనిపిస్తే, ఆ రోజే ఫొటోలు, సర్టిఫికెట్లు, ఆఫీసు ఫైళ్లు బయటికి కాపీ చేసుకోండి. ఇక్కడే చాలామంది కంగారులో చెక్‌డిస్క్ (డిస్క్ తప్పుల్ని వెతికి సరిచేసే విండోస్ టూల్) రిపేర్ మొదలెడతారు. అది డిస్క్ మొత్తాన్ని గంటల తరబడి చదివిస్తుంది, అసలే నీరసించిన డిస్క్ మధ్యలోనే ఆగిపోవచ్చు. కాపీ ముందు, రిపేర్ తర్వాత.

టక్ టక్ అని శబ్దం వస్తుంటే కాపీ ప్రయత్నం కూడా వద్దు, వెంటనే ఆపేయండి. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, తేమ చేరి ఉన్నది కూడా పోతుంది.

ఎస్ఎస్‌డీకి కుదుపుల భయం తక్కువే, డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైల్ ముక్కల్ని ఒకచోటికి చేర్చడం) అక్కర్లేదు, విండోస్ తనే ట్రిమ్ (తీసేసిన ఫైళ్ల చోటు ఖాళీ అని డిస్క్‌కి చెప్పడం) చేసుకుంటుంది, కొంచెం ఖాళీ ఉంచితే చాలు. కానీ అది శబ్దం చేయకుండానే ఒక్కసారిగా పోవచ్చు, కాబట్టి బ్యాకప్ దానికీ కావాల్సిందే.

బ్యాకప్ రెండు చోట్ల ఉండాలి. గూగుల్ డ్రైవ్ లాంటిది ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు, నెట్ లేని సంగతి తెలిసినవాళ్లెవరూ గూగుల్ డ్రైవ్ లాంటి క్లౌడ్ ఒక్కదాన్నే నమ్ముకోరు. ఆ ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని కాపీ అయ్యాక పీకేయండి, వైరస్ వస్తే రెండూ కలిసి పోకుండా ఉంటాయి. వీలైతే అక్కయ్య వాళ్లింట్లోనో, ఇంకెక్కడో మరో కాపీ ఉంచండి.

ద్వారకానగర్‌లోనో ఇంకెక్కడో షాపులో ఇస్తే, ఫార్మాట్ చేయొద్దు, డేటా కావాలి అని ముందే చెప్పి, రసీదు మీద రాయించుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా ఏ షాపువాడూ ఏమీ చేయలేడు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో ఇప్పుడే చూసి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టేయండి.