ఫోల్డర్ మాయం, లాగ్‌లో మాత్రం అందరూ అడ్మినే

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక ఆల్బమ్ డిజైనింగ్ షాపు. మంచి ముహూర్తాల సీజన్‌లో ఒక పెళ్లి ఫొటోల ఫోల్డర్ నాస్‌లో (షాపులో అందరూ నెట్‌వర్క్ మీద వాడుకునే స్టోరేజ్ బాక్స్) కనిపించకుండా పోయింది. "అన్నా, జర లాగ్ తీసి ఎవరు డిలీట్ చేసిండో చెప్పు" అని ఓనర్ ఫోన్. నేను వెళ్లేసరికే ఒక పిల్లగాడి మీద అనుమానం పడింది. సిస్టమ్ ముందు తల దించుకుని కూర్చున్నాడు. లాగ్ అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో బాక్స్ రాసుకునే రికార్డు. దాన్ని తప్పుగా చదివితే నింద ఒక మనిషి మీద పడుతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. అక్కడున్నది సైనాలజీ కంపెనీ నాస్ బాక్స్, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ డీఎస్ఎం 7.

లాగిన్‌లు కనిపిస్తున్నాయి, ఫైళ్ల పేర్లు లేవు

మీ దగ్గర ఇలా కనిపిస్తే ట్రాన్స్‌ఫర్ లాగ్ (ఏ ఫైల్‌ను ఏం చేశారో రాసేది) ఆఫ్‌లో ఉందన్నమాట. కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ సర్వీసెస్, అందులో ఎస్ఎంబీ (విండోస్ సిస్టమ్‌లు నెట్‌వర్క్‌లో ఫైళ్లు వాడుకునే పద్ధతి) ట్యాబ్‌కి వెళ్లి ఆన్ చేయండి. లాగ్ సెట్టింగ్స్‌లో డిలీట్, మూవ్, రీనేమ్ తప్పకుండా టిక్ పెట్టండి. ఆన్ చేసినప్పటి నుంచే లాగ్ పడుతుంది, నిన్నటిది రాదు. రీసైకిల్ బిన్ ముందే ఆన్‌లో ఉంటే పోయిన ఫైల్ అందులో దొరకవచ్చు.

టైమ్ నమ్మేలా లేదు

ఈ షాపులో లాగ్ ఆన్‌లోనే ఉంది. కానీ పోయిన ఫోల్డర్ పేరున్న లైన్ మీద టైమ్ పొద్దున 5:40. షాపుకి తాళం ఉండే వేళ! బయటి నుంచి ఎవరో హ్యాక్ చేశారని ఓనర్‌కి ఒకటే టెన్షన్. చూస్తే బాక్స్ టైమ్ జోన్ జీఎంటీలో ఉంది. మన టైమ్ దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది, అంటే అసలు టైమ్ 11:10, షాపు నిండా మనుషులున్న వేళ. ముందు పాత లాగ్‌ను సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేసుకుని, తర్వాతే రీజనల్ ఆప్షన్స్‌లో జోన్ మార్చి ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ సరిచేసుకునే పద్ధతి) పెట్టండి.

యూజర్ పేరు అడ్మిన్, ఐపీ మాత్రం ఆ పిల్లగాడి సిస్టమ్‌ది

అనుమానానికి మూలం ఇదే. ఐదుగురూ ఒకే పాస్‌వర్డ్‌తో అడ్మిన్‌గా లాగిన్ అవుతున్నారు. ఇక మిగిలింది ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో సిస్టమ్‌కి ఉండే నంబర్. రౌటర్ డీహెచ్‌సీపీతో (ఐపీలు తనంతట తానే పంచే పద్ధతి) ఇచ్చే ఐపీ ఈ రోజు ఒక సిస్టమ్‌ది, రేపు ఇంకోదానిది కావచ్చు. కరెంటు పోయి వస్తే చాలు, కొన్ని రౌటర్లు ఐపీలన్నీ మళ్లీ కొత్తగా పంచుతాయి. ఈ రోజు ఆ ఐపీ ఎవరి దగ్గరుందో చూసి నిన్నటి పనిని వాళ్లకు అంటగట్టకూడదు. ప్రతి మనిషికీ సొంత అకౌంట్ పెట్టండి, రౌటర్‌లో మ్యాక్ అడ్రస్‌తో (ఒక్కో సిస్టమ్ నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తింపు నంబర్) ఐపీ ఫిక్స్ చేయండి.

డిలీట్, రీడ్ లైన్లు కుప్పలుగా ఉన్నాయి

వీటికి వెంటనే కంగారు పడొద్దు. ఎక్సెల్, వర్డ్ ఫైల్ సేవ్ చేసేటప్పుడు తాత్కాలిక ఫైల్ రాసి, పేరు మార్చి, పాతదాన్ని తీసేస్తాయి. సేవ్ నొక్కినా లాగ్‌లో డిలీట్ పడుతుంది. అలాగే ఫొటోల ఫోల్డర్ తెరిస్తే థంబ్‌నెయిల్స్ (ఫొటోల చిన్న బొమ్మలు) కోసం విండోస్ ఒక్కో ఫైల్‌నీ చదువుతుంది. వందల రీడ్ లైన్లు ఉన్నంత మాత్రాన ఎవరో కాపీ కొట్టుకుపోయినట్టు కాదు.

మేము చూడాల్సిన లైన్ డిలీట్ కానే కాదు, మూవ్. మౌస్ జారి ఫోల్డర్ పక్క పెళ్లి ఫోల్డర్‌లో పడింది, ఒక్క ఫొటో కూడా పోలేదు. సాయంత్రానికి ఐదుగురికీ ఐదు అకౌంట్లు పెట్టాం. మొదటి టెస్ట్ ఆ పిల్లగాడితోనే చేయించాను. ఖాళీ ఫైల్ ఒకటి పెట్టి తీసేశాడు, లాగ్‌లో అతని పేరు, సరైన టైమ్ పడ్డాయి.