మ్యాచ్ పార్టీకి పిల్లలతో క్రికెట్ బాల్ చాక్లెట్ ఉండలు ఎలా చేయాలి? (చాక్లెట్ గడ్డకట్టకుండా)

ఇంట్లో అందరూ కలిసి మ్యాచ్ చూడాలనుకున్నప్పుడు స్నాక్స్ పని పిల్లలకి అప్పజెబితే వాళ్ళకీ హుషారు, మనకీ కాసేపు గోల తగ్గుతుంది. ఎక్కువమంది మొదలుపెట్టేది బాల్ షేపు చాక్లెట్ ఉండలతోనే, సగం మంది మధ్యలో వదిలేసేదీ దాన్నే. ఎందుకంటే ఏ రెసిపీ చూసినా ఉండలు ఎలా చుట్టాలో పేజీలకి పేజీలు రాస్తారు, చాక్లెట్ దగ్గరికొచ్చేసరికి "కరిగించి ముంచండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అసలు తంటా అంతా అక్కడే కదా!

ఇంకో విషయం, ఇది ముందు రోజే చేసేసుకోవాలి. ఫుట్‌బాల్‌లో హాఫ్ టైమ్ 15 నిమిషాలు, టీ20లో ఇన్నింగ్స్ మధ్య 20 నిమిషాలు, ఆ గ్యాప్‌లో చేసేద్దాంలే అనుకుంటే ఇక్కడ స్నాక్సూ అవ్వవు, అక్కడ మ్యాచూ చూడరు.

కావల్సినవి: ప్లెయిన్ బిస్కెట్లు 200 గ్రాములు, కండెన్స్‌డ్ మిల్క్ ఓ అర కప్పు దగ్గర పెట్టుకోండి, వైట్ చాక్లెట్ కాంపౌండ్ 300 గ్రాములు, నూనెలో కలిసే ఎర్ర ఫుడ్ కలర్, బటర్ పేపర్, జిప్ కవర్, ఫోర్క్. అంతే.

1. ఉండలు

బిస్కెట్లు కవర్లో వేసి అప్పడాల కర్ర పిల్లల చేతికివ్వండి, పొడి వాళ్ళే చేస్తారు. కండెన్స్‌డ్ మిల్క్ చెంచా చెంచాగా వేస్తూ కలపండి, పిడికిట్లో నొక్కితే విరగకుండా నిలబడితే ఇక ఆపేయండి, మొత్తం పోయాలనేం లేదు. నిమ్మకాయ కంటే చిన్న సైజులో చుట్టించండి, పెద్దవైతే ఫోర్క్ మీద ఆగవు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు.

2. చాక్లెట్ కరిగించడం (ఇది మాత్రం నిదానంగా చదవండి)

ముందు కాంపౌండే ఎందుకో చెప్తా. మామూలు చాక్లెట్‌లో కోకో బటర్ ఉంటుంది, దాన్ని పద్ధతి ప్రకారం వేడి చేసి చల్లార్చకపోతే పైన తెల్లటి మచ్చలొస్తాయి, గట్టిగా సెట్ అవ్వదు. కాంపౌండ్‌లో వేరే వెజిటబుల్ ఫ్యాట్ వాడతారు కాబట్టి ఆ తలనొప్పి ఉండదు. రుచి కాస్త తక్కువే, ఒప్పుకుంటా, కానీ పిల్లలతో చేసేటప్పుడు రుచి కంటే పని అవ్వడం ముఖ్యం.

గిన్నెలో రెండంగుళాలు నీళ్ళు పోసి మరిగించి స్టవ్ ఆపేయండి. అవును, ఆపేయాలి. దాని మీద ఇంకో గిన్నె పెట్టండి, అడుగు నీళ్ళకి తగలకూడదు. ముక్కలుగా తరిగిన కాంపౌండ్ వేసి ఆ ఆవిరితోనే మెల్లగా కరగనివ్వండి. వైట్ చాక్లెట్‌లో పాలపొడి, చక్కెర ఎక్కువ, కాబట్టి వేడి కాస్త ఎక్కువైనా పలుకులు పలుకులుగా అయిపోతుంది. మైక్రోవేవ్‌లో కూడా చేస్తారు గానీ నేనైతే వద్దంటా, పైకి ముక్క ముక్కలాగే ఉంటుంది, లోపల మాడిపోయి ఉంటుంది.

ఇప్పుడు అసలు శత్రువు, నీళ్ళు. ఒక్క చుక్క పడినా కరిగిన చాక్లెట్ తడి సిమెంట్‌లాగా గడ్డకట్టేస్తుంది, దాంట్లోని చక్కెర, పొడులు ఆ తడిని పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి కాబట్టి. అందుకే గిన్నె, ఫోర్క్ బట్టతో పొడిగా తుడవండి, చెక్క గరిటె అసలు వాడొద్దు (తడి లోపల దాచుకుంటుంది), పై గిన్నె దించగానే దాని అడుగు తుడిచేయండి, అప్పుడే చేతులు కడుక్కొచ్చిన పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. ఎలాగూ ఆవిరి దగ్గర పిల్లలకి పని లేదు, ఈ స్టెప్ మొత్తం పెద్దవాళ్ళదే.

కలర్ కూడా ఇక్కడే కొంప ముంచుతుంది. కేకులకి వాడే మామూలు లిక్విడ్, జెల్ కలర్లలో నీళ్ళుంటాయి, అవి వేస్తే ఎర్ర బాల్ రాదు, ఎర్ర ముద్ద వస్తుంది. నూనెలో కలిసేదే కొనండి, దొరక్కపోతే తెల్లగానే ఉంచేయండి, తెల్ల బంతితో వన్డేలు ఆడట్లేదా ఏంటి! అలా అయితే కుట్లకి మాత్రం డార్క్ కాంపౌండ్ కరిగించుకోండి. మరీ చిక్కగా ఉంటే చెంచాడు నూనె కలపండి, బటర్ వద్దు, అందులోనూ నీళ్ళుంటాయి.

గడ్డకట్టేసిందా? ఉండల మీదకి అది ఇక పనికిరాదు, కుస్తీ పట్టకండి. వేడి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపితే సాస్ అవుతుంది, పండ్ల ముక్కలు ముంచుకు తినండి.

3. ముంచడం

రంగు కలిపే ముందే రెండు చెంచాల తెల్లది కుట్ల కోసం పక్కకి తీయండి. ఉండల్ని ఫ్రిజ్ నుంచి తీసి పది నిమిషాలు బయట ఉంచండి, మరీ చల్లగా ఉంటే పై పూత పగులుతుంది. ఫోర్క్ మీద పెట్టి ముంచి, గిన్నె అంచుకి రెండుసార్లు తట్టి, బటర్ పేపర్ మీదకి జార్చండి. పుల్లలు గుచ్చి లాలీపాప్ చేయడం నాకిష్టం లేదు, బంతికి పుల్లేంటండీ?

4. కుట్లు

ఇది పూర్తిగా పిల్లల పని. ఆ తెల్లది గట్టిపడి ఉంటే మళ్ళీ కరిగించి, కాస్త చల్లారాక జిప్ కవర్లో వేసి, మూల సన్నగా కత్తిరించి ఇవ్వండి. నిజమైన బంతికి ఆరు వరసల కుట్లుంటాయి గానీ రెండు గీతలు, మధ్యలో చిన్న చిన్న అడ్డగీతలు చాలు. ఫుట్‌బాల్ కావాలంటే తెల్ల ఉండ మీద డార్క్‌తో మధ్యలో ఒక ఐదు మూలల బొమ్మ, మూలకో గీత, అంతే, పాత నలుపు తెలుపు బంతిలో 12 నల్లవి, 20 తెల్లవి ఉంటాయని అన్నీ గీయించకండి. వంకర పోతే పోనివ్వండి, సరిచేయొద్దు. ఫాండెంట్‌తో (కేకుల మీద పరిచే చక్కెర ముద్ద) చేస్తే నీట్‌గా వస్తుంది అనేవాళ్ళున్నారు, వస్తుంది, తర్వాత అందరూ ఆ తొక్క ఒలిచి ప్లేట్ పక్కన పెట్టేస్తారు.

పక్కన పాప్‌కార్న్, ద్రాక్ష ఎలాగూ పెడతారు కాబట్టి ఒక మాట. నాలుగేళ్ళ లోపు పిల్లలకి పాప్‌కార్న్ ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడుతుంది, ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. టీవీ చూస్తూ తినేటప్పుడు ఎవరూ చూసుకోరు.

రాత్రికి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు డబ్బాని మూత తీయకుండా అరగంట బయట పెట్టాలి, చల్లగా ఉండగానే తీస్తే గాల్లో తేమ ఉండల మీద చేరి ఎర్ర రంగు చేతులకీ సోఫాకీ అంటుతుంది. ఆ అరగంట డబ్బా పిల్లలకి అందనంత ఎత్తులో ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.