చెక్ లైటు వెలిగితే పార్టు కొనకండి, ముందు స్కానర్ పూర్తిగా చదవండి

“అన్నా, చెక్ లైటు వచ్చింది. స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సార్ అని చూపెడుతుంది. కొత్తది ఎంతయితది?”

హనుమకొండలో మా షెడ్డుకు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. అడిగిన ప్రతివాళ్లకూ నేను చెప్పేది ఒకటే: పార్టు ఇప్పుడే కొనొద్దు. స్కానర్ (బండి కంప్యూటర్ పట్టుకున్న తప్పులను చదివే పరికరం) చూపించే కోడ్‌కు ‘ఈ సెన్సార్ పోయింది’ అని అర్థం కాదు, ‘ఈ సెన్సార్ దగ్గర లెక్క తేడాగా ఉంది’ అని అర్థం. సెన్సారే పోయి ఉండవచ్చు, దాని వైరు తెగి ఉండవచ్చు, లేదా సెన్సార్ నిజమే చెబుతుంటే జబ్బు ఇంజన్‌లో ఉండవచ్చు. జ్వరం చూపించిందని థర్మామీటర్ మార్చం కదా. పైసా పైసా కూడబెట్టి కొన్న బండికి అక్కర్లేని పార్టు వేయించడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మామూలు చేతి స్కానర్ ఉన్నా, ఫోన్‌కు కలిసే బ్లూటూత్ డాంగిల్ ఉన్నా చాలు. కాకపోతే లైవ్ డేటా, అంటే సెన్సార్ల అంకెలు అప్పటికప్పుడు, చూపించేదే కొనండి. కోడ్ చదవడం, చెరపడం తప్ప ఇంకేమీ రాని పరికరంతో సగం పని కూడా జరగదు.

స్కానర్ లింక్ కావట్లేదు

సాకెట్ స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డు అడుగున ఉంటుంది. 16 పిన్నులు. బీఎస్-4 (పొగ నిబంధనల) కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2, అంటే బండి తన తప్పులు తానే పట్టి కోడ్‌గా చెప్పే ఏర్పాటు, తప్పనిసరి చేశారు, కాబట్టి ఆ తర్వాతి బండ్లతో పేచీ ఉండదు. పాతవాటిలో కొన్ని లింక్ అవుతాయి, కొన్ని కావు.

స్కానర్ అసలు వెలగకపోతే 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు రాకపోయి ఉండవచ్చు. చాలా బండ్లలో ఇది ఫోన్ చార్జింగ్ పెట్టుకునే సాకెట్‌తో ఒకే ఫ్యూజు మీద ఉంటుంది. ఆ ఫ్యూజు చూడండి. వెలిగి కూడా లింక్ కాకపోతే తాళం చెవి ఆన్‌లో ఉందో లేదో, బ్యాటరీ నీరసంగా ఉందేమో చూడండి. చవక డాంగిల్ అయితే ఇంకో బండికి పెట్టి పరీక్షించండి, అన్ని బండ్ల భాషా వాటికి రాదు. పని అయిపోగానే డాంగిల్ పీకేయండి. బండి ఆగి ఉన్నా అది బ్యాటరీని తాగుతూనే ఉంటుంది.

కోడ్ చెరిపేయడానికి తొందరపడకండి

స్కానర్ కొన్న కొత్తలో అందరూ చేసే పొరపాటు ఇదే. కోడ్ చెరిపితే దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. తప్పు దొరికిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, స్పీడు ఎంత, ఇంజన్ వేడి ఎంత, లోడు ఎంత అన్నది కంప్యూటర్ అందులో ఫొటో తీసినట్టు దాచిపెడుతుంది. ముందు దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి, తర్వాతే మిగతావి. పెండింగ్ కోడ్లు, అంటే తప్పు కనిపించినా ఇంకా లైటు దాకా రానివి, ఉంటే అవి కూడా రాసుకోండి. పీ అక్షరంతో మొదలయ్యేవి ఇంజన్, గేర్‌బాక్సువి. యూ అక్షరంతో వచ్చేవి కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోలేకపోతున్నాయని చెప్పేవి.

“సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతుంది, పికప్ లేదు”

పీ0171 కోడ్, అంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందని. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ కోడ్ దగ్గరే.

నర్సంపేట నుంచి ఒక పంతులుగారు ఇదే కోడ్‌తో వచ్చారు. వేరేచోట రెండుసార్లు ఆక్సిజన్ సెన్సార్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచేది) మార్పించారు. అయినా నాలుగు రోజులకోసారి లైటు వెలుగుతూనే ఉంది. ఫ్రీజ్ ఫ్రేమ్ తీసి చూశాను: స్పీడు సున్నా, ఆర్‌పీఎం 750, వేడి 92 డిగ్రీలు. అంటే బండి వేడెక్కి, ఆగి ఉన్నప్పుడు దొరికిన తప్పు. ఇక లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ తెరిచాను.

ట్రిమ్ అంటే కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు ఎక్కువ పోస్తోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే అంకె. షార్ట్ ట్రిమ్ అప్పటికప్పుడు చేసే సర్దుబాటు, లాంగ్ ట్రిమ్ అలవాటైపోయిన సర్దుబాటు. రెండూ కలిపి ప్లస్ 10కీ మైనస్ 10కీ మధ్య ఉంటే దిగులు లేదు. పంతులుగారి బండిలో ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు, లాంగ్ 19, షార్ట్ 6, కలిపి ప్లస్ 25. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర నిలిపితే 7కు దిగింది.

జబ్బు అక్కడే బయటపడింది. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ, అందులో దొంగదారిన వచ్చే గాలి వాటా పెద్దదిగా కనిపిస్తుంది. రేస్ చేస్తే అసలు గాలి పెరిగి ఆ వాటా చిన్నదైపోతుంది. కాబట్టి లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సార్ దాటాక ఎక్కడో గాలి లీకు ఉంది. సిలిండర్లకు గాలి పంచే ఇంటేక్ మానిఫోల్డ్ దగ్గర రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటిగా, ముక్కు ప్లయర్‌కు గుడ్డ చుట్టి, మెల్లగా నొక్కుతూ స్కానర్ చూశాం. మూడో గొట్టం నొక్కగానే షార్ట్ ట్రిమ్ మా కళ్ల ముందే 6 నుంచి కిందికి జారి మైనస్‌లోకి వెళ్లింది. ఇంజన్ వణుకు కూడా తగ్గింది. తీసి తిరగేస్తే, వంపు దగ్గర అడుగువైపు గోరంత చీలిక. పైనుంచి ఎంత వంగి చూసినా కనిపించదు. గొట్టం మార్చాం. ఆ రెండు సెన్సార్లూ మొదటి నుంచీ నిజమే చెప్పాయి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఎయిర్ ఫ్లో సెన్సార్ లేకుండా, మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్‌తో నడిచే బండ్లలో, మన చిన్న కార్లు చాలావరకు అవే, గాలి లీకుకు ట్రిమ్ అంతగా పెరగదు. ఐడిల్ ఆర్‌పీఎం పెరిగి కూర్చుంటుంది. కాలు తీసినా 1200 దగ్గర నిలబడే బండిలో ముందు గొట్టాలే వెతకండి.

అంకెలు తిరగబడితే, అంటే ఐడిల్‌లో బాగుండి లోడు మీద ట్రిమ్ పెరుగుతూ పోతే, పెట్రోలు చాలట్లేదని. ఫిల్టర్, పంపు చూడాలి. బయట సీఎన్‌జీ కిట్ బిగించిన బండి అయితే ఒకసారి పెట్రోలు మీద, ఒకసారి గ్యాస్ మీద ట్రిమ్ చూడండి. గ్యాస్ మీద మాత్రమే చెడితే తప్పు కిట్ ట్యూనింగ్‌లోనో, గ్యాస్ ఫిల్టర్‌లోనో ఉంది. ఇంజన్ జోలికి పోనక్కర్లేదు.

“మిస్సింగ్ కొడుతుంది, లైటు ఆరి వెలుగుతుంది”

లైటు నిలకడగా వెలిగితే మెల్లగా షెడ్డు దాకా రావచ్చు. మిణుకు మిణుకుమంటే మాత్రం కాలు తీసేయండి, పక్కకు ఆపండి. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి మండుతుంది. అది కరిగిపోతే ఖర్చు మామూలుగా ఉండదు.

పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 రెండోది, అలా. పీ0300 అయితే ఒక్కదానికి పరిమితం కాదు. ఒకే సిలిండర్ చూపిస్తే, ప్లగ్గు ప్లగ్గుకూ కరెంటు ఇచ్చే విడి కాయిల్స్ ఉన్న బండిలో పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. ఒకటో కాయిల్ తీసి మూడోదానికి, మూడోది ఒకటోదానికి పెట్టండి. కోడ్ చెరిపి కొంచెం దూరం తిప్పండి. ఈసారి పీ0303 వస్తే కాయిలే దోషి. మళ్లీ పీ0301 వస్తే కాయిల్ మంచిదే, ప్లగ్గు అలాగే మార్చి చూడండి. అదీ కాకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్.

వానాకాలంలో ఈ ఫిర్యాదు ఎక్కువ. ప్లగ్గు గుంతలో నీళ్లు దిగినా మిస్సింగే. 2023 జులై వరదలో వరంగల్‌లో హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగాయి. నీళ్లు చూసిన బండ్లలో బాధ నెలల తర్వాత మొదలవుతుంది. కనెక్టర్లు ఊడదీస్తే పిన్నుల మీద పచ్చగా కిలుము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరబెట్టి బిగిస్తే కొన్ని కోడ్లు అక్కడికక్కడే పోతాయి. నీళ్లలో నిలిచిన బండికి మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

“ఎండకు హీటెక్కుతుంది”

మే నెలలో మన దగ్గర, రామగుండం వైపు మరీనూ, ఎండ 44 దాటుతుంది. ఆ కాలంలో పొద్దున్నే, ఇంజన్ రాత్రంతా చల్లారి ఉన్నప్పుడు, కీ ఆన్ చేసి రెండు అంకెలు చూడండి: కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి. రెండూ ఇంచుమించు ఒకటిగా ఉండాలి. కూలెంట్ మైనస్ 40 చూపిస్తే వైరు తెగింది, లేదా కనెక్టర్ ఊడింది. సెన్సార్ కొనకముందే అది చూడండి.

తర్వాత స్టార్ట్ చేసి వదిలేయండి. చాలా బండ్లలో 95, 100 డిగ్రీల మధ్య ఫ్యాను తిరగాలి. 105 దాటినా తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు. ఫ్యాను తిరుగుతున్నా ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కితే రేడియేటర్ ముందు దుమ్ము, దూది పేరుకుందేమో చూసి కడిగించండి. రోడ్డెక్కి స్పీడు పెంచితేనే వేడెక్కుతుంటే లోపల నీళ్ల తిరుగుడు బాగాలేదు: రేడియేటర్ పూడిపోవడం, వాటర్ పంపు, తెరుచుకోని థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లను వదిలే వాల్వు). బోరు నీళ్లు పోసిన రేడియేటర్లలో సున్నం గట్టిపడి ఉంటుంది. కూలెంటే పోయండి. వేడి మీద మూత తీయొద్దు, మొహం కాలుతుంది.

ఎండాకాలం థర్మోస్టాట్ తీసేసి పంపే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. దయచేసి ఒప్పుకోకండి. ఇంజన్ సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, చలికాలంలో పీ0128 కోడ్ వస్తుంది.

ఒకేసారి ఏడెనిమిది కోడ్లు

ఏడు పార్టులు ఒక్క రోజులో పోవు. కరెంటు చూడండి. ఇంజన్ ఆపినప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.7 దాకా ఉండాలి. నడుస్తున్నా 12 దగ్గరే ఉంటే డైనమో. వోల్టు బాగుంటే ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే అర్త్ వైరు విప్పి, తుప్పు గీకి బిగించండి. పొలం పక్కనో, రైస్ మిల్లు దగ్గరో పెట్టే బండి అయితే ఎలుకలు కొరికిన వైర్ల కోసం టార్చి వేసి వెతకండి.

“సెల్ఫ్ తిరుగుతుంది గానీ స్టార్ట్ అయితలేదు”

సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడండి. 200 లాంటి అంకె వస్తే ఇంజన్ తిరుగుడును కొలిచే క్రాంక్ సెన్సార్ పనిచేస్తోంది. సున్నా దగ్గరే ఉంటే క్రాంక్ సెన్సారో, దాని వైరో. డీజిల్ బండి అయితే రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడి, కూడా చూడండి. చాలా బండ్లకు అది 200 బార్ల దరిదాపుల్లోకి రావాలి. రాకపోతే ముందు డీజిల్ ఫిల్టర్, లైన్లో గాలి. పంపు, ఇంజెక్టర్లు ఆ తర్వాతే.

బీఎస్-6 డీజిల్‌లో పీ2463

డీపీఎఫ్‌లో, అంటే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి నిండింది. కాజీపేట నుంచి హనుమకొండకు, మళ్లీ కాజీపేటకు మాత్రమే తిరిగే బండికి ఇది తప్పదు, సైలెన్సర్ మసి కాల్చుకునేంత వేడెక్కదు. హెచ్చరిక కొత్తగా వచ్చినప్పుడే జనగామ వైపు హైవే మీద ఆపకుండా 20, 30 నిమిషాలు నిలకడగా నడపండి. లైవ్ డేటాలో మసి శాతం దిగుతూ కనిపిస్తుంది. దిగకపోతే షెడ్డులో స్కానర్‌తో బలవంతపు రీజెనరేషన్ (మసిని కాల్చేయడం) చేయాలి. సైలెన్సర్ నిప్పులా ఉంటుంది కాబట్టి ఎండు గడ్డి, పత్తి కట్టె ఉన్నచోట వద్దు. వారానికోసారి నిండుతుంటే ఈజీఆర్ (పొగను కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు), ఇంజెక్టర్లు చూపించండి.

రిపేరు అయ్యాక

కోడ్ చెరిపి లైటు ఆరగానే డబ్బులిచ్చి వెళ్లిపోకండి. చెరపడంతో కంప్యూటర్ తన పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది. స్కానర్‌లో రెడీనెస్ అనే పేజీలో ఏవి పూర్తయ్యాయో, ఏవి కాలేదో ఉంటుంది. రెండు మూడు రోజులు పరకాల దాకా, ములుగు దాకా తిరిగి, అవి పూర్తయ్యాక పెండింగ్ కోడ్లు ఉన్నాయేమో చూడండి.

సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్లినా ఇదే పేజీ తెరవండి. లైటు లేదు, కోడ్లు లేవు, కానీ పరీక్షలన్నీ ‘పూర్తి కాలేదు’ అని ఉంటే, ఈమధ్యే ఎవరో కోడ్లు చెరిపి ఉండవచ్చు, లేదా బ్యాటరీ విప్పి ఉండవచ్చు. ఏ రిపేరు చేయించారో అడగండి. “వారం తిరిగాక మళ్లీ వస్తా తమ్మీ” అని చెప్పి, అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి.