సుమత్రా కోళ్ళను మిగతా కోళ్ళతో కలపడం ఎలా?

టెక్సాస్‌లో మా పెరట్లో ఏడేళ్ళుగా సుమత్రా కోళ్ళున్నాయి. వాటితోపాటు ఆర్పింగ్టన్, రోడ్ ఐలాండ్ రెడ్ పెట్టలూ తిరుగుతుంటాయి. తెలిసినవాళ్ళలో ఎవరు సుమత్రాలు తెచ్చుకున్నా పది రోజుల్లో నాకు ఫోన్ వస్తుంది. ‘ఎగిరిపోయిందండీ’ అనో, ‘మిగతావి పొడిచి చంపేస్తున్నాయండీ’ అనో. రెండింటికీ కారణం తొందరే.

నల్లటి ఒళ్ళు, ఎండ పడితే ఆకుపచ్చగా మెరిసే ఈకలు, నేరేడుపండు రంగు ముఖం, నేలను ఊడ్చే తోక. గోదావరి జిల్లాల్లో పందేలు చూసినవాళ్ళు దీన్ని చూడగానే ‘కాకి’ అంటారు. అయితే పందెం జాతి అసీల్‌కి ఉన్న పట్టుదల దీనికి లేదు. బెదురు ఎక్కువ, ఎగరడం ఎక్కువ. 1847లో సుమత్రా దీవి నుంచి అమెరికా వచ్చిన జాతి ఇది. పుంజు రెండుంపావు కిలోలు తూగుతుంది, పెట్ట అంతకన్నా తక్కువ. ఆర్పింగ్టన్ పెట్టే మూడున్నర కిలోలు ఉంటుంది. ఇక ఎవరు ఎవరిని తరుముతారో మీరే చెప్పండి.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గూట్లో కోడికి నాలుగు చదరపు అడుగులు, బయట పది. పైన వల కట్టాల్సిందే. రెక్క ఈకలు కత్తిరిస్తే చాలంటారు కొందరు, నేను ఒప్పుకోను. ఎగిరి తప్పించుకోవడమే దాని ఆయుధం, అది తీసేస్తే ఇంకేం మిగులుతుంది? గూట్లో ఐదడుగుల ఎత్తున ఒక కర్ర కట్టండి. దాణా అన్ని కోళ్ళకీ పెట్టేదే. తెచ్చిన కోడిని నెల రోజులు దూరంగా విడిగా ఉంచి, తోక కింద ఈకలు విడదీసి పేలున్నాయేమో చూడండి.

అసలు కష్టమంతా కలిపేటప్పుడే. చీకటి పడ్డాక కొత్తదాన్ని గూట్లోకి తోసేస్తే పొద్దున్నకి అన్నీ మర్చిపోతాయని ఒక పద్ధతి చెబుతారు. మొదటి ఏడాది నేనూ అలాగే చేశాను. తెల్లారి తలుపు తీసేసరికి మూలన ఒదిగి, తల గోడకి ఆనించుకుని, మెడ మీద ఈకల్లేకుండా కూర్చుని ఉంది మా పెట్ట. తలుపు సందులోంచి దూసుకెళ్ళి పక్కింటి ఓక్ చెట్టెక్కింది. రెండు రాత్రులు దిగలేదు. కోళ్ళు ఒకదాన్నొకటి గుర్తుపడతాయి, కొత్త మొహాన్ని తెల్లారగానే పట్టేస్తాయి.

అందుకే మధ్యలో ఇనప మెష్ కట్టి రెండు వారాలు పక్కపక్కనే పెంచండి. వారం చాలదు. మెష్‌కి అటూ ఇటూ దాణా గిన్నెలు దగ్గరగా పెడితే ఎదురెదురుగా తినడం అలవాటవుతుంది. పాత పెట్టలు మెష్ దగ్గర మెడ ఈకలు నిక్కబొడవడం మానేశాక, సాయంత్రం గంటసేపు, మీరు అక్కడే ఉండి, బయట కలపండి. గూట్లో మాత్రం వద్దు. ఒక్కదాన్నే వదలకండి, కనీసం రెండు సుమత్రాలు ఉండాలి. దాణా, నీళ్ళు రెండేసి చోట్ల పెట్టండి, లేకపోతే పెత్తందారు పెట్ట ఒక్క గిన్నె దగ్గరే కాపలా కాస్తుంది.

ఒకటి రెండు పొడుపులు, కొంచెం తరమడం, కొత్తది తల దించుకుని పక్కకి పోవడం మామూలే, టెన్షన్ పడకండి. పెద్దాచిన్నా తేల్చుకుంటున్నాయి అంతే. సుమత్రా పై కర్ర ఎక్కి కూర్చున్నా కంగారు పడి దింపకండి, అది పైనుంచి లెక్కలు కడుతోంది. మూలకి తోసి వదలకుండా పొడుస్తున్నా, రక్తం కనపడినా వెంటనే విడదీయండి. ఎర్రటి మచ్చ కనపడితే మంచి పెట్ట కూడా వచ్చి ఒక పోటు వేసి పోతుంది. అందరూ దెబ్బ తిన్నదాన్ని తీసి పక్కన పెట్టి, పొడిచినదాన్ని వదిలేస్తారు. గాయానికి మందేసి మెష్ వెనక ఉంచాలి, నిజమే. కానీ పొడిచినదాన్ని కూడా నాలుగు రోజులు వేరే చోట కట్టడి చేయండి. తిరిగొచ్చేసరికి దాని పెత్తనం సగం పోయి ఉంటుంది.

పాతవీ కొత్తవీ ఒకే గుంటలో మట్టి స్నానం చేస్తూ కనిపించిన రోజు మెష్ విప్పేయండి. సుమత్రా పెట్ట పొదుగుకొస్తే మాత్రం ఈ పనేదీ మొదలుపెట్టకండి. ఆ 21 రోజులూ, తర్వాత పిల్లలు తల్లిని వదిలేదాకా అది ఎవరి మాటా వినదు, మీది అసలే వినదు.