మూతపడ్డ పేట థియేటర్‌ని రికార్డు చేసిపెట్టడం ఎలా

చెన్నైలో పేట థియేటర్ ఒక్క రోజులో మాయం కాదు. ముందు గేటుకి తాళం పడుతుంది. కొన్నాళ్ళకి కుర్చీలు, మెషీన్లు పాత ఇనుముకి పోతాయి. ఆస్తి గొడవ తేలేదాకా గోడలు అలాగే నిలబడి ఉంటాయి, తేలాక జేసీబీ దిగుతుంది. ఈ మధ్యకాలం నెలలు కావచ్చు, ఏళ్ళు కావచ్చు. పని చేయాల్సింది అప్పుడే. గోడలు పడిపోయాక కూడా సగం పని మిగిలే ఉంటుంది, కాబట్టి ఆలస్యమైందని వదిలేయనక్కర్లేదు.

అభిమానులు సాధారణంగా చేసేది, అక్కడ ఏ హీరో సినిమా ఎన్ని రోజులు ఆడిందో జాబితా రాయడం. అది ఎప్పుడైనా పాత పేపర్లలోంచి తీయచ్చు, తొందరేమీ లేదు. పేపర్లో దొరకనిది హాలు నడిచిన పద్ధతి: టికెట్టు ఎలా చించేవారు, రీలు ఎలా మార్చేవారు, కరెంటు పోతే ఏం చేసేవారు. అది పనిచేసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. అందుకని ముందు మనుషులు, తరవాత కాగితాలు, ఆ తరవాత కట్టడం, ఆఖర్న తేదీలు. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చుని పేపర్లు తిరగేయడం హాయి మరి. ఈలోపు ఆపరేటర్‌కి ఎనభై దాటతాయి.

మొదటి పేజీ: పేరు, చోటు

పని మొదలుపెట్టే ముందు ఒక్క పేజీ రాసుకోండి. థియేటర్‌కి ఉన్న పేర్లన్నీ, వీధి పేరు పాతదీ కొత్తదీ, డోర్ నంబర్ పాతదీ కొత్తదీ. చెన్నైలో చాలా వీధుల్లో పాత నంబరు, కొత్త నంబరు రెండూ పక్కపక్కనే రాస్తారు. ఒక్కటే రాసుకుంటే తరవాత ఏ కాగితం ఏ భవనానిదో తేలదు.

పేర్లతో ఇంకా జాగ్రత్త. మచిలీపట్నం నుంచి వచ్చిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1914లో బ్లాకర్స్ రోడ్డులో గెయిటీ కట్టారు. ఆ తరవాత మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్. ఆ గ్లోబే తరవాత రాక్సీ అయింది. మౌంట్ రోడ్డులో న్యూ గ్లోబ్ అని వేరే హాలు ఉండేది, అది అలంకార్ అయింది. ఎవరైనా పెద్దాయన "గ్లోబ్‌లో చూశాను" అంటే ఏ పేటలో అని అడక్కుండా రాసుకోకూడదు. ఇలాంటి తికమక ఊళ్ళో చాలా హాళ్ళకి ఉంది.

మనుషులు

మేనేజర్ దగ్గర మొదలుపెట్టద్దు. ఆయన హీరోల ఫంక్షన్ల గురించి చెబుతారు. ముందు ఆపరేటర్, తరవాత బుకింగ్ క్లర్క్, గేట్‌మ్యాన్, సైకిల్ స్టాండ్ కాంట్రాక్టర్, క్యాంటీన్ నడిపినాయన, పోస్టర్లు అంటించినవాళ్ళు, హాలు ఊడ్చిన ఆడవాళ్ళు. ఎవరు ఎక్కడున్నారో తెలియకపోతే థియేటర్ ఎదురుగా ఉన్న టీకొట్టులో అడగండి. ఆ కొట్టు కూడా లేకపోతే పక్క వీధి ఇస్త్రీ బండి దగ్గర. మనిషి తమిళంలో మాట్లాడితే తమిళంలోనే మాట్లాడనివ్వండి, మీకోసం తెలుగులోకి మారమనద్దు. మాటలు తడబడితే వివరాలు పోతాయి.

"ఆ రోజులు ఎలా ఉండేవి సార్?" అని అడిగితే వచ్చే జవాబు "బ్రహ్మాండంగా ఉండేవి", అంతే. పని గురించి అడగాలి. "మ్యాట్నీకి ఎన్ని గంటలకి లోపలికి వచ్చేవారు? వచ్చాక మొదట ఏం చేసేవారు? పక్కన ఎవరుండేవారు?" ఇలా అడిగితే చేతులు వాటంతట అవే కదులుతాయి, మాట వెనకాలే వస్తుంది. వీలైతే చేతిలో ఒక వస్తువు పెట్టండి. ఖాళీ స్పూలు (ఫిలిం చుట్టే చక్రం), పాత టికెట్టు, కార్బన్ ముక్క, ఏదైనా సరే.

ఆపరేటర్ దగ్గర కూర్చోవాలంటే మీకు కొంచెం లెక్క తెలిసుండాలి. 35 ఎం.ఎం. ఫిలిం సెకనుకి 24 ఫ్రేములు, అడుగుకి 16 ఫ్రేములు, అంటే నిమిషానికి 90 అడుగులు. 2000 అడుగుల స్పూలు దాదాపు 22 నిమిషాలు నడుస్తుంది. సెన్సార్ సర్టిఫికెట్ మీద పడే "16 రీళ్ళు" వెయ్యి అడుగుల లెక్క. రెండేసి కలిపితే 8 స్పూళ్ళు, అంటే షోకి ఏడుసార్లు ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి మారాలి. స్పూలు అయిపోవడానికి సుమారు 8 సెకన్ల ముందు తెర కుడి పైమూలలో ఒక చుక్క పడుతుంది, అది రెండో మెషీన్ మోటారు వేయడానికి. ఆఖరి సెకనులో ఇంకో చుక్క, అది మార్పుకి. తెగిన చోటల్లా అతికించీ అతికించీ స్పూలు చివరి ఫ్రేములు పోయి, అసలు చుక్కలే మిగలని ప్రింట్లు పేట హాళ్ళకి వచ్చేవి. అప్పుడు ఆపరేటర్లు ఫిలిం మీద సూదితో గీసి సొంత గుర్తు పెట్టుకునేవారు. ఆ గీత ఎలా ఉండేదో, ఎన్ని ఫ్రేముల మీద పెట్టేవారో కాగితం ఇచ్చి వేసి చూపించమనండి. ఒక్కొక్కరిది ఒక్కో గుర్తు. ఏ కాగితంలోనూ దొరకదు కాబట్టి ఈ బొమ్మ ఒక్కటి వచ్చినా ఆ రోజు పని దండగ కాలేదు.

మెషీన్‌లో వెలుగుకి కార్బన్ ఆర్క్ (రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే వెలుగు) ఎప్పటిదాకా వాడారు, దాని బదులు జెనాన్ ల్యాంపు ఎప్పుడొచ్చింది, డిజిటల్‌కి ఎప్పుడు మారారు అని విడివిడిగా అడగండి. కార్బన్ల మధ్య ఎడం సరిగ్గా ఉంచకపోతే వెలుగు తగ్గి బొమ్మ పచ్చబడుతుంది, కింద జనం కేకలు వేస్తారు. ఆ ఎడం చేత్తో తిప్పేవారా, మోటారు ఉండేదా? ఒకే ప్రింటు రెండు హాళ్ళు పంచుకుని, స్పూళ్ళు సైకిల్ మీద మోసిన రోజులుంటే ఏ హాలుతో, ఎంత తేడాతో షో మొదలుపెట్టేవారో రాసుకోండి. ఫిల్మ్స్ డివిజన్ న్యూస్‌రీలు పెద్ద సినిమాకి ముందు తప్పనిసరిగా వేయాల్సి ఉండేది, దాని గురించీ అడగండి.

బుకింగ్ క్లర్క్‌ని అడగాల్సింది డీసీఆర్ గురించి. షో అయ్యాక తరగతి వారీగా ఎన్ని టికెట్లు తెగాయి, పన్ను ఎంత, నికరం ఎంత అని రాసి డిస్ట్రిబ్యూటర్ తరఫు రెప్‌కి ఇచ్చే కాగితం అది. ఒక్క పాత డీసీఆర్ దొరికితే తరగతులు, రేట్లు, ఆ రోజు పన్ను తెలుస్తాయి. హౌస్‌ఫుల్ రోజుదైతే సీట్ల సంఖ్య కూడా. ప్రతి హాలుకీ సొంత పద్ధతి ఉంటుందని మరిచిపోవద్దు. మౌంట్ రోడ్డు సఫైర్ ఆవరణలో ఉండిన బ్లూ డైమండ్‌లో షోలు వరసగా నడుస్తూనే ఉండేవి, మధ్యలో ఎప్పుడైనా వెళ్ళి కూర్చోవచ్చు. అలాంటి చోట టికెట్టు లెక్క మిగతా హాళ్ళలాగా ఉండదు.

రికార్డింగ్‌కి ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మనిషికి జానెడు దూరంలో, మెత్తటి గుడ్డ మీద ఉంచండి. వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్. పాడయ్యేది మైకు వల్ల కాదు, నెత్తిమీద ఫ్యాను వల్ల. మే నెలలో పెద్దాయన్ని ఫ్యాను ఆపమనడం అన్యాయం, పొద్దున ఏడింటికి వెళ్ళండి. ముందే పేరు వేయచ్చా, ఫోటో వేయచ్చా అని అడిగి, ఆ జవాబు కూడా రికార్డులోనే ఉండేలా చూడండి. జీతం బకాయిలు, యూనియన్ కేసులు ఉన్నవాళ్ళు పేరు వద్దంటారు. "ఆపరేటర్, 1978 నుంచి 2009 దాకా" అన్నట్టు రాస్తే సరిపోతుంది.

కాగితాలు

కంప్యూటర్ బుకింగ్ వచ్చాక ఇచ్చిన నున్నటి టికెట్లు థర్మల్ కాగితం. వాటిమీద అక్షరాలు చెన్నై ఎండకి, చెమట జేబుకి త్వరగా వెలిసిపోతాయి. దొరికిన రోజే ఫోటో తీయండి. పొరపాటున కూడా వేడి ల్యామినేషన్ చేయించద్దు, మొత్తం నల్లబడుతుంది. పాత రంగు కాగితం టికెట్లు గట్టివే, కానీ సెలోటేప్ అంటిస్తే కొన్నేళ్ళకి జిగురు పసుపుపచ్చగా దిగిపోయి అచ్చు పోతుంది.

టికెట్లు, కరపత్రాలు, ఫోటోలు 600 డీపీఐలో స్కాన్ చేసి టిఫ్‌గా దాచండి, పంచుకోవడానికి జేపెగ్ వేరే తీయండి. ఫిలిం నెగటివ్ అయితే కనీసం 2400. రెండు వైపులా స్కాన్ చేయడం మానద్దు. టికెట్టు వెనక పెన్నుతో రాసిన తేదీ, ఫోటో వెనక స్టూడియో ముద్ర ముందువైపు కన్నా ఎక్కువ చెబుతాయి. ఎవరి దగ్గర ఏది తీసుకున్నారో పుస్తకంలో రాసి, స్కాన్ అయిన వెంటనే తిరిగి ఇచ్చేయండి. ఒక ఆల్బం నెల రోజులు మీ దగ్గర ఉండిపోయిందంటే ఆ పేటలో ఇంకో ఆల్బం రాదు.

ఫిలిం ముక్కలు దొరికితే వాసన చూడండి. పుల్లటి వెనిగర్ వాసన వస్తే పాడవడం మొదలైనట్టే, మిగతా వాటికి దూరంగా గాలి తగిలేలా పెట్టి ముందు దాన్నే స్కాన్ చేయండి. 1950ల మొదటికి ముందున్న ఫిలిం నైట్రేట్ కావచ్చు, సులువుగా అంటుకుంటుంది. దాన్ని మెషీన్‌కి ఎక్కించడం, దీపం దగ్గర పెట్టి చూడటం వద్దు. నవంబరు వానల్లో బీరువాలో తేమ 65 శాతం దాటితే కాగితం బూజు పడుతుంది. సిలికా జెల్ సంచులు పెట్టి, అట్టపెట్టెలు నేల మీద కాకుండా నడుమెత్తు అరలో ఉంచండి.

ప్రభుత్వ కాగితాల దగ్గరికొస్తే, తమిళనాడు సినిమాల నియంత్రణ చట్టం 1955లోది, నిబంధనలు 1957లోవి. థియేటర్ నడవాలంటే సీ-ఫారం లైసెన్సు కావాలి. నగరంలో అది పోలీసు కమిషనర్ కార్యాలయం పని, జిల్లాల్లో కలెక్టర్‌ది. లైసెన్సు ఫైల్లో సీట్ల సంఖ్య, ప్లాను ఉంటాయి. సమాచార హక్కు దరఖాస్తుకి ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. "థియేటర్ చరిత్ర ఇవ్వండి" అని అడిగితే తిరగ్గొడతారు. పేరు, డోర్ నంబర్ ఇచ్చి, "ఆఖరి సీ-ఫారం లైసెన్సు నకలు, ఆమోదించిన ప్లాను నకలు" అని రెండే అడగండి.

కట్టడం

యజమాని లేదా వాచ్‌మ్యాన్ అనుమతి లేకుండా వెళ్ళద్దు, ఒక్కరే వెళ్ళద్దు. పైకప్పు ఆస్బెస్టాస్ రేకు అయితే విరిగిన ముక్కలు ముట్టుకోవద్దు. పావురాల రెట్ట ఎండి పొడిగా లేస్తుంది, మంచి మాస్కు కావాలి. బాల్కనీ మెట్ల చెక్కలు చెదపట్టి ఉంటాయి, గోడ పక్కనే నడవండి.

30 మీటర్ల టేపు తీసుకెళ్ళండి. తెర చట్రం వెడల్పు, ప్రొజెక్షన్ కిటికీ నుంచి తెరకి దూరం, వరసకీ వరసకీ ఎడం, తలుపుల వెడల్పు, కౌంటర్ కన్నం కొలత. క్యూ కోసం కట్టిన ఇనప జాలీ వెడల్పు కూడా కొలవండి, మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టనివి ఉన్నాయి. ప్రొజెక్షన్ గదిలో కిటికీల మీద మంట వస్తే జారిపడే ఇనప మూతలు, ఆర్క్ పొగ పోయే గొట్టం ఇంకా ఉన్నాయేమో చూసి ఫోటో తీయండి. పాత ఇనుమువాడు వాటిని చాలాసార్లు వదిలేస్తాడు.

భవనం పోయి ఉంటే గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలకి వెళ్ళి కప్పు పొడవు, వెడల్పు కొలవండి. దాన్నిబట్టి సీట్లు అంచనా వేయచ్చు. కుర్చీ సుమారు 50 సెంటీమీటర్లు, వరస ఎడం 90 అనుకుంటే మనిషికి 0.45 చదరపు మీటరు. కూర్చునే భాగం 20 మీటర్లు, 15 మీటర్లు అయితే 300 చదరపు మీటర్లు, దారులకి పావు వంతు తీసేస్తే 225, అంటే దాదాపు 500 సీట్లు. బాల్కనీ వేరే కలపాలి. దీన్ని అంచనా అనే రాయండి. స్ట్రీట్ వ్యూ మీద ఆశ పెట్టుకోవద్దు, మన నగరాలకి అది 2022లో గానీ రాలేదు. అంతకుముందు మూతపడి కూల్చేసిన హాలు అందులో ఉండదు. ఇంకో మాట, పోయిందని నిర్ధారించుకునే ముందు వెళ్ళి చూడండి. 1913 నాటి ఎలక్ట్రిక్ థియేటర్ భవనం మౌంట్ రోడ్డు తపాలా కార్యాలయం ఆవరణలో ఇప్పటికీ ఉంది.

తేదీలు

శంకుస్థాపన, లైసెన్సు, మొదటి షో, ఈ మూడూ వేరే తేదీలు. ఏది ఏదో రాయకపోతే మూడు జాబితాల్లో మూడు సంవత్సరాలు వస్తాయి. ప్రారంభ చిత్రం పేరు జ్ఞాపకం మీద నమ్మద్దు, జనానికి గుర్తుండేది అక్కడ ఆడిన మొదటి హిట్టు. ప్రారంభం రోజు పేపర్లో వచ్చిన ప్రకటనే సాక్ష్యం. ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో పాత దినపత్రికలు ఉన్నాయి. తరమణిలోని రోజా ముత్తయ్య లైబ్రరీలో పాటల పుస్తకాలు, కరపత్రాల లాంటి తమిళ అచ్చు సామగ్రి ఉంది. తెలుగు సినిమాల సంగతికి మద్రాసులోనే అచ్చయిన ఆంధ్రపత్రిక, 1938లో మొదలైన ఆంధ్రప్రభ చూడండి. ఆంధ్రపత్రిక పాత సంచికలు ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసింది, ఇంట్లో కూర్చునే దొరుకుతాయేమో ముందు చూడండి.

వంద రోజుల షీల్డు కనిపిస్తే రెండు అడగండి: ఒకే హాల్లోనా, షిఫ్టింగు మీదా (హాళ్ళు మార్చుకుంటూనా)? రోజుకి ఎన్ని ఆటలు? చెన్నైలో తెలుగు సినిమా ఒక్క మార్నింగ్ షోతో వారాల తరబడి నడవడం మామూలే. ఆ వంద రోజులకీ నాలుగాటల వంద రోజులకీ పోలిక లేదు, రెండూ ఒకే వరసలో వేయద్దు.

రాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కన అది ఎక్కడిదో గుర్తు పెట్టండి: పేపరు, లైసెన్సు, నోటిమాట, కొలత, అంచనా. నోటిమాట ఒక్కదాని మీదే ఉన్న తేదీని "సుమారు" అని రాయండి. ఫైళ్ళు మూడు చోట్ల ఉంచండి, అందులో ఒకటి చెన్నై వెలుపల ఉన్న చుట్టాల ఇంట్లో. అచ్చు వేస్తే ఫోటోల కింది మాటలు తమిళంలోనూ పెట్టించండి, అక్కడ పనిచేసినవాళ్ళ పిల్లలు చదివేది అదే. అచ్చుకి ఇచ్చే ముందు ఆపరేటర్‌కి, క్లర్క్‌కి వాళ్ళ భాగం చదివి వినిపించండి. వాళ్ళలో ఎవరైనా "అలా కాదు బాబూ" అంటే అక్కడే ఆపి, మళ్ళీ రికార్డింగ్ పెట్టండి.