సహజ వనరుల పాఠాన్ని పిల్లలకు ఎలా పరిచయం చేయాలి

సహజ వనరుల పాఠం చాలా తరగతుల్లో నిర్వచనంతో మొదలవుతుంది. గాలి, నీరు, నేల, అడవులు, ఖనిజాలు అని వరసగా చెప్పి, పునరుత్పాదక వనరులు, పునరుత్పాదకం కాని వనరులు అంటూ రెండు గడుల పట్టిక గీస్తారు. పిల్లలు దాన్ని తప్పు లేకుండా అప్పజెప్పగలరు గాని, తాము కూర్చున్న బల్లకూ ఆ పట్టికకూ ఉన్న సంబంధం వారికి తోచదు. అందుకే ఈ పాఠాన్ని వస్తువుతో మొదలుపెట్టి వనరు దగ్గరకు నడిపించడం మేలు. 6 నుంచి 8 తరగతుల పిల్లలను దృష్టిలో ఉంచుకొని, మూడు నాలుగు పీరియడ్లకు సరిపడే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి పీరియడ్‌కు ఒక పెన్సిల్ చాలు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే దుకాణం నుంచి అని జవాబు వస్తుంది. అంతకుముందు ఎక్కడుంది, దానికీ ముందు ఎక్కడుంది అని నేలనో చెట్టునో చేరేవరకు అడుగుతూ పోవాలి. కర్ర చెట్టు నుంచి వచ్చిందని పిల్లలు సులువుగానే చెబుతారు. లోపలి నల్లని కడ్డీ సీసం కాదనీ, గనిలో దొరికే గ్రాఫైట్‌ను బంకమన్నుతో కలిపి కాల్చి చేస్తారనీ ఉపాధ్యాయుడే చెప్పాలి. చివర రబ్బరును పట్టి ఉంచే తొడుగు అల్యూమినియందైతే దాని మూలం బాక్సైట్ ఖనిజం. ఇంతవరకు వచ్చాక, ఆ కడ్డీని కాల్చిన వేడి ఎక్కడిదని అడగండి. శక్తి కూడా వనరుల నుంచే వస్తుందన్న విషయం సాధారణంగా పిల్లల దృష్టికి రాదు. ఈ ప్రశ్నతో అది వారికి తడుతుంది. ప్రకృతి నుంచి లభించి మనకు ఉపయోగపడే పదార్థాలూ శక్తీ సహజ వనరులన్న వాక్యాన్ని అప్పుడు పిల్లలే తమ మాటల్లో కూర్చుకోగలరు.

నీటికి కాస్త ఎక్కువ సమయం ఇవ్వాలి. ఒక లీటరు సీసా నిండా నీళ్లు పోసి, ఇది భూమి మీదున్న మొత్తం నీరు అనుకుంటే మనం వాడుకోగలిగే మంచినీరు ఎంత ఉంటుందో ముందుగా ఊహించి రాయమనండి. అందరూ రాశాక కొలజాడీలోకి 25 మిల్లీలీటర్లు వంపి, మిగిలిన 975 మిల్లీలీటర్లలో ఉప్పు కలపండి. భూమి మీది నీటిలో దాదాపు 97.5 శాతం ఉప్పునీరే. ఆ 25 మిల్లీలీటర్లలో సుమారు 17 మిల్లీలీటర్లు ధ్రువ ప్రాంతాల్లోనూ పర్వతాల మీదా మంచు రూపంలో ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. మిగిలినదంతా దాదాపుగా భూగర్భ జలమే. నదులు, మంచినీటి సరస్సుల వాటాగా డ్రాపరుతో ఒకటి రెండు చుక్కలు పిల్లల అరచేతిలో వేస్తే, అంకెల్లో విన్నప్పటికన్నా విషయం బాగా నాటుకుంటుంది.

అయితే ఈ ప్రయోగం తర్వాత భూమి మీద నీరు తగ్గిపోతోందన్న అపోహ పిల్లల్లో కలగవచ్చు. దాన్ని అక్కడికక్కడే సరిచేయాలి. ఆవిరై, మేఘమై, వానై తిరిగి వచ్చే చక్రంలో మొత్తం నీరు దాదాపు అంతే ఉంటుంది. కొరత వచ్చేది కావలసిన చోట, కావలసిన కాలంలో, శుభ్రంగా దొరికే నీటికి. ఈ తేడా తెలిస్తేనే, నీటిని కలుషితం చేయడం కూడా దాన్ని పోగొట్టుకోవడమేనని వారికి అర్థమవుతుంది.

నేల గురించి ఉపన్యాసం అవసరం లేదు. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు పోసి, మూత బిగించి బాగా కుదిపి కదపకుండా ఉంచితే, ఇసుక ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో దాని మీద పేరుకుంటుంది, బంకమన్ను మర్నాటికీ పూర్తిగా దిగకపోవచ్చు. పైన తేలే ఆకుల, వేళ్ల ముక్కలను కూడా చూపించండి. ఒక సెంటీమీటరు మందం పైమట్టి ఏర్పడటానికి వందల ఏళ్లు పట్టవచ్చని, గట్టి వాన ఒక్కటి దాన్ని కోసుకుపోగలదని చెప్పి, గడ్డి ఉన్న ట్రే మీదా గడ్డి లేని ట్రే మీదా ఒకే కొలత నీళ్లు పోసి, కిందికి జారిన నీటి రంగును పోల్చమనండి. అడవి అంటే కలప మాత్రమే కాదని, నేలను పట్టి ఉంచేదీ వాన నీటిని భూమిలోకి ఇంకించేదీ అదేనని చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

ఈ పాఠానికి ప్రాణం వేగం అనే భావన. మనం వాడే వేగం ఎంత, ప్రకృతి తిరిగి నింపే వేగం ఎంత అన్నదే అసలు ప్రశ్న. దీనికి ఒక ఆట ఉంది. గిన్నెలో 40 గింజలు వేసి, అవి చెరువులోని చేపలనుకోమని నలుగురు పిల్లలకు చెప్పండి. ప్రతి విడతలో ఎవరికి కావలసినన్ని వారు తీసుకోవచ్చు; విడత ముగిశాక మిగిలిన గింజలను రెట్టింపు చేయాలి, కాని 40 దాటకూడదు. మొదటిసారి మాట్లాడుకోకుండా ఆడనివ్వండి. గిన్నె త్వరలోనే ఖాళీ అయ్యే అవకాశం ఎక్కువ. రెండోసారి ముందుగా మాట్లాడుకొని ఆడమంటే, విడతకు తలా అయిదు తీసుకుంటే చెరువు ఎప్పటికీ నిండుగానే ఉంటుందన్న లెక్క వారే కనిపెట్టవచ్చు. ఉమ్మడి పచ్చిక బయళ్లను, చేపల వేట ప్రాంతాలను, సాగునీటి కాలువలను వాటి మీద ఆధారపడిన ప్రజలే నియమాలు పెట్టుకొని తరతరాలుగా కాపాడుకోగలరని తన పరిశోధనల్లో చూపిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చిందని ఇక్కడ చెబితే, తమ ఆటకూ ప్రపంచానికీ ఉన్న ముడి పిల్లలకు కనబడుతుంది.

మూడోసారి రెట్టింపు చేయడం మానేసి ఆడించండి. అది బొగ్గు. భూమిలోని బొగ్గులో చాలా భాగం సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి చిత్తడి అడవుల నుంచి ఏర్పడింది. ఎంత పొదుపుగా తీసినా ఆ గిన్నె మన కాలంలో నిండదు.

ఆ రెండు గడుల పట్టికను ఇప్పుడు గీయండి, అయితే తిరిగి నిండటానికి పట్టే కాలం అని మూడో గడి చేర్చండి. సూర్యరశ్మి, గాలి ఒక చివర, బొగ్గు, ముడిచమురు మరో చివర చేరుతాయి. కలప, భూగర్భ జలం, చేపలు, పైమట్టి మాత్రం వాడే తీరును బట్టి అటూ ఇటూ మారతాయి. వీటి మీద తరగతిలో వాదన వస్తే ఆపకండి.

పొదుపు గురించి చెప్పేటప్పుడు భయపెట్టవద్దు, కొలిపించండి. కారే కుళాయి కింద పది నిమిషాలు గిన్నె ఉంచి, వచ్చిన నీటిని 144తో గుణిస్తే రోజుకు ఎంత పోతుందో తెలుస్తుంది. వాడిన అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడితే, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో దాదాపు 95 శాతం మిగులుతుందన్న సంగతి పెన్సిల్ తొడుగును గుర్తుచేసి చెప్పవచ్చు.

చివరి పరీక్షలో నిర్వచనం అడగకుండా, తరగతిలో చర్చించని ఒక వస్తువును, ఉదాహరణకు నూలు చొక్కాను ఇచ్చి, దాని వెనుక ఉన్న వనరులను, అవి నిండే వేగాన్ని రాయమనండి. పత్తి ఏటా పండేదే అయినా, ఆ చేనుకు తోడిన భూగర్భ జలం అంత వేగంగా నిండకపోవచ్చని రాసిన జవాబుకు పూర్తి మార్కులు ఇవ్వండి.